కొత్త భాషలో పలకరింపులు, రోజువారీ మాటలు: పన్నెండు మాటల పట్టీ ఎలా తయారు చేసుకోవాలి

పొద్దున్నే ఎదురుపడిన మనిషితో "శుభోదయం" అనే తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారు? వాట్సాప్‌లో పువ్వుల బొమ్మ మీద తప్ప ఆ మాట పెద్దగా కనపడదు. "ఏంటి, ఇంత పొద్దున్నే బయల్దేరారు?", "బాగున్నారా?" లాంటివే మన నోట వస్తాయి. అయినా తెలుగు నేర్చుకోవాలనుకునే పరాయివాళ్ళకు అనువాద యాప్ ముందుగా అందించేది శుభోదయాన్నే. మనం వేరే భాష నేర్చుకునేటప్పుడు మనకూ ఇదే జరుగుతుంది. తమిళంలో "కాలై వణక్కం", హిందీలో "సుప్రభాత్" చేతిలో పెడతారు. అవి తప్పు మాటలేం కావు. కాకపోతే వేదిక మీదో టీవీలోనో వినపడతాయి గానీ వీధిలో వాడేది "వణక్కం", "నమస్తే".

అందుకే "దీన్ని ఆ భాషలో ఏమంటారు?" అని అడక్కండి. "ఈ సందర్భంలో వాళ్ళు ఏమంటారు?" అని అడగండి. కింద చెప్పేదంతా ఆ ఒక్క తేడా పట్టుకుని నడిచేదే.

1. మాటలు కాదు, సందర్భాలు రాసుకోండి

ఒక కాగితం మీద ఈ పన్నెండు సందర్భాలూ తెలుగులో రాయండి: పలకరింపు, దానికి జవాబు, తెలియని మనిషిని మర్యాదగా పిలవడం, కృతజ్ఞత, కృతజ్ఞతకు బదులు, దారి ఇమ్మనడం లేదా ఇటు చూడమనడం, తప్పు జరిగినప్పుడు క్షమించమనడం, అవును, వద్దు, లేదు, కాదు, ఎంత, ఎక్కడ, అర్థం కాలేదు, నెమ్మదిగా చెప్పండి. వీటి చివర వీడ్కోలు, ఒకటి నుంచి పది వరకు అంకెలు. లెక్క పన్నెండు దాటిందంటారా? దాటనివ్వండి. ఇరవై ఐదు దాటితే మాత్రం ఏదీ నోటికి రాదు.

ప్రశ్నలు ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. మీరు చక్కగా అప్పజెప్పిన ప్రశ్నకు అవతలి మనిషి జవాబు అంతే చక్కగా, మూడింతల వేగంతో వస్తుంది. అందుకని చేత్తో చూపించగల జవాబులు, అంకెల్లో వచ్చే జవాబులు ఉన్న ప్రశ్నలే నేర్చుకోండి. "ఎక్కడ" అంటే చెయ్యి చూపిస్తారు. "ఎంత" అంటే అంకె చెబుతారు, లేదా ఫోన్‌లో నొక్కి చూపిస్తారు. "ఎందుకు", "ఎలా" అనే ప్రశ్నలు మొదటి నెలలో మీకు పనికిరావు.

"ఎంత" ఒక్కటి చూడండి: తమిళంలో ఎవ్వళవు, కన్నడంలో ఎష్టు, మలయాళంలో ఎత్ర, హిందీలో కితనా, మరాఠీలో కితీ, బెంగాలీలో కొతో, ఇండోనేషియన్‌లో బెరాపా. వస్తువు మీద వేలు పెట్టి ఈ ఒక్క మాట అంటే చాలు, వాక్యం అక్కర్లేదు.

2. ఇంగ్లీషు అక్షరాల్లో కాదు, తెలుగు లిపిలో రాసుకోండి

ఎక్కువ తప్పులు ఇక్కడే పుడతాయి కాబట్టి కాస్త ఆగి చదవండి. విదేశీ భాషల పుస్తకాలు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఇస్తాయి. వాటిని మనం మనకు తెలిసిన ఇంగ్లీషు పద్ధతిలో చదివేస్తాం. నిజానికి మన లిపిలో ఉన్న సదుపాయం ఆ అక్షరాల్లో లేదు.

మొదటిది హ్రస్వదీర్ఘాలు. జపనీస్‌లో "ఒబసన్" అంటే పిన్ని వయసు ఆవిడ, "ఒబాసన్" అంటే బామ్మ. "ఒజిసన్" మామయ్య వయసు ఆయన, "ఒజీసన్" తాతగారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ తేడా తరచుగా కనపడకుండా పోతుంది. మనకు ఒక్క దీర్ఘంతో తేలిపోతుంది. ఒ, ఓ మధ్య తేడా కూడా మన లిపి దాచుకోదు: "ఒహయో గొజైమస్" (పొద్దుటి పలకరింపు), "అరిగతో గొజైమస్" (కృతజ్ఞత). ఈ రెంటిలోనూ "యో", "తో" సాగదీయాలి, మిగతావి పొట్టిగా పలకాలి. చివరి "స్"ను "సు" చేయకండి. రాతలో అక్కడ "సు" ఉన్నా, మామూలు మాటలో ఆ ఉకారం దాదాపు వినపడదు.

రెండోది ద్విత్వాక్షరాలు. ఇటాలియన్‌లో "నొన్నొ" తాత, "నోనొ" తొమ్మిదోవాడు. జపనీస్ "కొన్నిచివ"లో ద్విత్వం తీసేసి "కొనిచివ" అంటే అది మరో మాటలా వినపడుతుంది. మనకు అలవాటైన పనే కనుక ఇక్కడ కష్టం లేదు.

మూడోది త, ద. స్పానిష్, ఇటాలియన్, ఫ్రెంచి భాషల్లోని 'టీ', 'డీ' అక్షరాలు మన త, ద లకు దగ్గర, ట, డ లకు కాదు. "అర్థం కాలేదు"కు స్పానిష్‌లో "నో ఎంతియెందో" అని రాసుకోండి. "ఎంటియెండో" అని రాసుకుంటే ఇంగ్లీషు యాస అక్కడే అతుక్కుంటుంది.

మూలనపడ్డ అక్షరాలు కూడా ఇక్కడ పనికొస్తాయి. చాప, చుక్క అన్నప్పుడు వచ్చే దంత్య చకారానికి మన పాత లిపిలో ౘ ఉంది. ఇటాలియన్ కృతజ్ఞత "గ్రాౘ్యె" దానితో సరిగ్గా కుదురుతుంది, జపనీస్ "ౘు" కూడా. ఫ్రెంచి ముక్కు పలుకులకు అరసున్న వాడుకోండి: "బోఁజూర్". ఇన్నాళ్ళకు దానికొక ఉద్యోగం దొరికింది.

ఇక మనం దెబ్బతినే చోట్లు. ఒత్తులు రాస్తాం గానీ పలకం. "ఖర్చు" అని రాసి "కర్చు" అంటాం. చైనీస్, థాయ్ భాషల్లో ఇది కుదరదు. చైనీస్‌లో "వో పావ్ ల" అంటే నా కడుపు నిండింది. అదే 'ప'కు ఒత్తు ఇచ్చి పలికితే నేను పరుగెత్తాను అని అర్థం. పరీక్ష తేలిక: నోటి ముందు నాలుగు వేళ్ళ దూరంలో సన్నని కాగితం ముక్క పట్టుకోండి. ఒత్తు పలికినప్పుడు అది ఊగాలి, ఒత్తు లేనప్పుడు కదలకూడదు. ఇంకో తికమక ఏమిటంటే, మనం ఫ అక్షరాన్ని ఇంగ్లీషు 'ఎఫ్'లా పలికేస్తున్నాం. ఒత్తు ప కావాల్సిన చోట "ప్‌హ" అని రాసుకోండి. ఇంగ్లీషు అక్షరాలతో రాసిన చైనీస్‌లో 'బీ' కనపడితే అది నిజానికి ఒత్తు లేని ప, 'పీ' కనపడితే ఒత్తు ఉన్న ప. మనం "బీజింగ్" అనే ఊరిని ఆ ఊరివాళ్ళు దాదాపు "పెయ్‌చింగ్" అంటారు.

మాట చివర ఉకారం తగిలించడం మన రెండో జబ్బు. బస్సు, కారు, ఫోను అన్నట్టే "బోఁజూరు" అనేస్తాం. హల్లుతో ముగిసే ప్రతి మాట చివరా పొల్లు రాసుకుని, దాని కింద ఒక గీత గీయండి.

మూడోది ఊనిక. తెలుగులో ఏ అక్షరం మీదా పెద్దగా బరువు వేయం కాబట్టి, బరువున్న అక్షరం మన చెవికి దీర్ఘంలా వినపడుతుంది. దాన్ని దీర్ఘంగానే రాసుకుంటే పని నడుస్తుంది. రష్యన్ కృతజ్ఞత "స్పసీబ". రాతలో చివర 'ఒ' ఉంటుంది, కానీ ఊనిక లేని చోట అది 'అ' అయిపోతుంది. "దయచేసి"కి రాత చాలా పొడుగ్గా ఉంటుంది, వినపడేది "పఝాల్‌స్త". రాసింది చూసి కాక, విన్నది రాసుకోమనేది ఇందుకే.

లిపికి అందనివి కొన్ని మిగులుతాయి. ఫ్రెంచి "త్యు"లోని అచ్చు కోసం నాలుకతో ఈ అంటూ పెదాలు ఊ అన్నట్టు చుట్టాలి. చైనీస్‌లో నాలుగు స్వరాలున్నాయి: ఎత్తులో సమంగా, పైకి లేస్తూ, కిందికి దిగి, పై నుంచి పడిపోతూ. "మాయ్" మూడో స్వరంలో కొనడం, నాలుగో స్వరంలో అమ్మడం. అక్షరం పైన చిన్న గీత ఆ దిశలోనే గీసుకోండి. "నీ హావ్"లో రాత ప్రకారం రెండూ మూడో స్వరమే. కానీ రెండు మూడో స్వరాలు పక్కపక్కన పడితే మొదటిది పైకి లేచే రెండో స్వరం అవుతుంది. అందుకే "నీ" పైకి లేవాలి.

3. ప్రతి మాటనూ మూడు ప్రశ్నలు అడగండి

*చెప్పేది ఆడా, మగా?* థాయ్‌లో మగవాళ్ళు "సవత్‌దీ ఖ్రప్" అంటారు, ఆడవాళ్ళు "సవత్‌దీ ఖ" అంటారు. ఎదుట ఉన్నది ఎవరన్నది లెక్క కాదు, అంటున్నది ఎవరన్నదే లెక్క. పోర్చుగీసులో కృతజ్ఞత చెప్పేటప్పుడు మగవాళ్ళు ఓబ్రిగాదు, ఆడవాళ్ళు ఓబ్రిగాదా. అవతలివాళ్ళు మీతో అన్నదాన్ని విని అలాగే తిరిగి అనేస్తే ఇక్కడ బోల్తా పడతారు.

*వినేది ఆడా, మగా?* అరబిక్‌లో "ఎలా ఉన్నారు?" మగవారితో "కైఫ హాలుక", ఆడవారితో "కైఫ హాలుకి". మరాఠీలో చనువున్న మగవాడిని "కసా ఆహేస్", ఆడమనిషిని "కశీ ఆహేస్" అని అడుగుతారు.

*మీరా, నువ్వా?* ఇది మనకు పుట్టుకతో తెలిసిన విద్యే. ఫ్రెంచిలో వూ, త్యు. జర్మన్‌లో జీ, దు. స్పానిష్‌లో ఉస్తెద్, తు. హిందీలో ఆప్, తుమ్, తూ. తెలియనప్పుడు "మీరు" రూపం ఒక్కటే నేర్చుకోండి, రెండూ నేర్చుకుని తడబడొద్దు. ఇటాలియన్ "చావ్", కొరియన్ "అన్న్యొంగ్", రష్యన్ "ప్రివ్యెత్" సినిమాల్లో బాగా వినపడతాయి గానీ ఇవి చనువున్నవాళ్ళ మాటలు. తెలియని పెద్దమనిషితో "ఏరా" అన్నంత కాకపోయినా, ఆ దిక్కుకే వెళ్తాయి. కొరియన్‌లో "అన్న్యొంగ్‌హసెయో" నేర్చుకుంటే ఎవరి దగ్గరైనా ఇబ్బంది లేదు.

వియత్నామీస్ ఇంకో మెట్టు పైన ఉంటుంది. అక్కడ నువ్వు, నేను అనే చోట కూడా వరసలే వాడతారు: అన్న వరసకు ఒకటి, అక్క వరసకు ఒకటి, చిన్నవాళ్ళకు ఒకటి. మీకంటే కాస్త పెద్దయిన అతన్ని "చావ్ అఞ్" అని పలకరిస్తే, మిమ్మల్ని మీరు "ఎమ్" (తమ్ముడు లేదా చెల్లి) అనుకోవాలి. తెలియనివాళ్ళను అన్నా, అక్కా అని పిలిచే మనకు ఇందులో వింతేమీ లేదు. వయసు అంచనాలో తప్పే ప్రమాదం మాత్రం అక్కడా ఉంది.

4. పలకరింపును జవాబుతో కలిపే నేర్చుకోండి

పలకరింపు సగం మాటే. కొన్ని భాషల్లో దానికి కట్టుబడిన జవాబు ఉంటుంది. అది రాకపోతే గాలిలో చెయ్యి చాచినట్టు నిలబడిపోతారు. అరబిక్‌లో "సబాహ్ అల్‌ఖైర్" అంటే "సబాహ్ అన్నూర్" అనాలి. మొదటిది మేలైన ఉదయం, రెండోది వెలుగు నిండిన ఉదయం. టర్కిష్‌లో లోపలికి రాగానే "హోష్ గెల్దినిజ్" అంటారు, మీరు "హోష్ బుల్దుక్" అనాలి. స్వాహిలీలో "హుజాంబో"కు జవాబు "సిజాంబో". పెద్దవాళ్ళకు చిన్నవాళ్ళు "షికమో" అంటారు, పెద్దవాళ్ళు "మరహబా" అంటారు. ఎవరైనా చిన్నవాళ్ళు మీతో "షికమో" అంటే సంబరపడి మీరూ "షికమో" అనకండి.

అలాగే ఒకే మాట రెండు పనులు చేయొచ్చు. జర్మన్ "బిట్టె" దయచేసి, పర్వాలేదు, ఇదిగో తీసుకోండి, ఈ మూడింటికీ సరిపోతుంది. జపనీస్ "సుమిమసేన్" మనిషిని పిలవడానికీ, దారి అడగడానికీ, చిన్న తప్పుకు క్షమాపణకూ పనికొస్తుంది. పట్టీ చిన్నది కావాలంటే ఇలాంటి మాటలే ముందు పట్టుకోండి. స్వాహిలీ "పోలే"ను మాత్రం క్షమాపణ అనుకోవద్దు. అది "అయ్యో పాపం" లాంటిది. మీ తప్పుకు "సమహాని" అనాలి.

ఒక చిక్కు గుర్తుంచుకోండి. ఏదైనా తీసుకోమని ఇచ్చినప్పుడు ఫ్రెంచిలో "మెర్సి", జర్మన్‌లో "డాంకె" అని ఊరుకుంటే "వద్దులెండి" అని అర్థం చేసుకునే అవకాశం ఉంది. కావాలనుకుంటే ఫ్రెంచిలో "వుయ్", జర్మన్‌లో "యా" ముందు చేర్చండి.

5. వద్దు, లేదు, కాదు: వేరువేరుగా నేర్చుకోండి

ఇంగ్లీషు పుస్తకాలు "నో"కు ఒక్క మాట ఇచ్చి వదిలేస్తాయి. మన మూడు మాటలకు సరిగ్గా మూడు మాటలున్న భాషలు చాలా ఉన్నాయి, ఆ జతలు పట్టుకుంటే పని ఎంతో తేలిక. కన్నడంలో బేడ, ఇల్ల, అల్ల. మలయాళంలో వేండ, ఇల్ల, అల్ల. థాయ్‌లో మై అవ్, మై మీ, మై ఛై. చైనీస్‌లో పూ యావ్, మెయ్ యోవ్, పూ ష. ఇండోనేషియన్‌లో తిదక్ మావు, తిదక్ అదా, బుకన్. తమిళంలో వేండాం వద్దుకు, ఇల్లై మిగతా రెంటికీ. చైనీస్‌లో అన్నింటికీ సరిపోయే ఒకే ఒక్క "నో" కోసం వెతక్కండి. ఆ సందర్భంలో వద్దా, లేదా, కాదా అన్నది తేల్చుకుంటే మాట దానంతట అదే వస్తుంది. ఒక్క హెచ్చరిక: ఇక్కడ వద్దు అంటే "నాకు వద్దు" అని. "చేయొద్దు" అనడానికి ఇండోనేషియన్‌లో జంగన్ అనే వేరే మాట ఉంది.

అవునుతో కూడా చెవి మోసపోతుంది. గ్రీకులో "నే" అంటే అవును. కొరియన్‌లోనూ "నే" అవునే. తల ఊపడాన్ని నమ్ముకోవద్దు: బల్గేరియాలో నిలువుగా ఊపితే కాదని, అడ్డంగా ఊపితే అవునని. గ్రీకులు, టర్కులు కాదనడానికి తలను ఒక్కసారి వెనక్కి ఎగరేస్తారు. నోటితో చెప్పించుకోండి.

6. వీడ్కోలు: వెళ్ళేది ఎవరు?

కొరియన్‌లో ఉండిపోయేవాళ్ళు వెళ్ళేవాళ్ళతో "అన్న్యొంగ్‌హీ గసెయో" (క్షేమంగా వెళ్ళండి) అంటారు. వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళతో "అన్న్యొంగ్‌హీ గెసెయో" (క్షేమంగా ఉండండి) అంటారు. ఇండోనేషియన్‌లో వెళ్ళేవాళ్ళకు "సెలామత్ జలన్", ఉండేవాళ్ళకు "సెలామత్ తింగల్". టర్కిష్‌లో "గ్యులే గ్యులే" ఉండేవాళ్ళు అనే మాట. లేచి వెళ్తూ మీరే అంటే నవ్వుతారు.

మన "వెళ్ళొస్తాను" తమిళంలో "పోయిట్టు వరేన్", కన్నడంలో "హోగి బర్తీని". జపనీస్ "సయోనర" అందరికీ తెలిసిన మాటే అయినా రేపు మళ్ళీ కలిసేవాళ్ళతో అనరు, చాలాకాలానికి విడిపోతున్నట్టు ఉంటుంది. రాత్రి మాటల్లోనూ తేడా చూడండి: స్పానిష్ "బ్వేనస్ నోచెస్" కలిసినప్పుడూ అనొచ్చు. ఫ్రెంచిలో సాయంత్రం పలకరింపు "బోఁస్వార్"; "బొన్ న్యుయ్" పడుకోబోయే ముందు మాటే. జర్మన్‌లో ఫోన్ పెట్టేసేటప్పుడు "మళ్ళీ చూద్దాం" అనే "అవుఫ్ వీడర్‌జేన్" బదులు "మళ్ళీ విందాం" అనే "అవుఫ్ వీడర్‌హ్యోరెన్" వాడతారు. పద్ధతైన మాట.

7. పట్టీ పూర్తయితే ఇలా ఉంటుంది

ఇండోనేషియన్‌తో ఒక నమూనా:

పలకరింపు: సెలామత్ పాగి (ఉదయం), సియాంగ్ (మధ్యాహ్నం), సోరె (సాయంత్రం), మాలమ్ (రాత్రి)
పిలుపు: పెద్దాయనకు పాక్, పెద్దావిడకు బూ; "సెలామత్ పాగి, పాక్"
ఎలా ఉన్నారు: అపా కబర్? జవాబు: బాయిక్
కృతజ్ఞత: తెరిమా కాసిహ్. బదులు: సామా-సామా
దారి ఇవ్వండి: పెర్మిసి. క్షమించండి: మాఆఫ్
ఎంత: బెరాపా. ఎక్కడ: ది మానా
అర్థం కాలేదు: సాయా తిదక్ మెంగెర్తి
అంకెలు: సాతు, దువా, తిగా, ఎంపత్, లిమా, ఎనమ్, తుజుహ్, దెలాపన్, సెంబిలన్, సెపులుహ్

"తిదక్" చివరి 'క్' పూర్తిగా పలకరు, గొంతులో ఆపేస్తారు. "సెలామత్", "తెరిమా" మొదటి ఎకారం సగం మింగినట్టు ఉండాలి. ఇలాంటి గుర్తులు మాట పక్కనే రాసుకోండి, వేరే పేజీలో రాస్తే మళ్ళీ చూడరు.

8. వారం రోజుల సాధన

రోజుకు మూడు సందర్భాలు, నాలుగు రోజులు. ప్రతి మాటనూ ఆ భాష పుట్టుకతో మాట్లాడేవాళ్ళ గొంతులో ముందు పదిసార్లు వినండి, తర్వాతే నోరు తెరవండి. ముందే పలికేస్తే మీ తప్పు పలుకే చెవిలో నాటుకుపోతుంది. తర్వాత మీ గొంతు రికార్డు చేసి రెండూ వెంట వెంటనే వినండి. ఐదో రోజు జతలు మాత్రమే: ఒకవైపు మాట రికార్డులో, జవాబు మీ నోట. ఆరో రోజు అంకెలు. వరసగా అప్పజెప్పడం వల్ల ఉపయోగం లేదు, ఫోన్ నంబర్లు, వాహనాల నంబర్లు చదవండి. సమయం అడగాలనుకుంటే ఆ భాషలో గంటలు ఎలా లెక్కపెడతారో కూడా కనుక్కోండి. స్వాహిలీలో లెక్క పొద్దున ఆరు నుంచి మొదలవుతుంది, ఉదయం ఏడు గంటలను "సా మోజా", అంటే ఒంటిగంట అంటారు.

ఏడో రోజు ఆ భాష తెలిసిన మనిషి దొరికితే "నా ఉచ్చారణ బాగుందా?" అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. మీ పన్నెండు మాటలూ అర్థం చెప్పకుండా, వరస మార్చి పలకండి. తనకు వినపడింది వినపడినట్టు ఆ భాష లిపిలో రాయమనండి. రాసింది మీ పట్టీతో పోల్చి, తేడా వచ్చిన అక్షరం దగ్గర మాత్రమే మళ్ళీ పని చేయండి.